పాట కావాలి, పక్కిల్లు వద్దు

ప్రేమ గురించి ఎక్కడైనా సభ పెడితే, ఉర్దూ వచ్చినవాణ్ని కదా అని నా వైపు మైకు జరుపుతారు. గాలిబ్ షేర్ ఒకటి చదవమంటారు. చదివితే వహ్వా అంటారు. ఉర్దూలో ఎంత తీపి వుందండీ అని మురిసిపోతారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకో అనుమానం. భాష తియ్యగా వుందన్నవాడికి ఆ భాష మాట్లాడే మనిషి కూడా తియ్యగానే కనపడతాడా? పాటని ప్రేమించటమూ పాడినవాణ్ని ప్రేమించటమూ ఒకటేనా? కళ మనిషిని మెత్తబరుస్తుందని, మంచివాణ్ని చేస్తుందని బళ్లో చదువుకున్నాం, కాలేజీలో పరీక్ష రాశాం. నిజంగా చేస్తుందా?

నాకీ ప్రశ్న తత్వశాస్త్రం పుస్తకంలో దొరకలేదు. అద్దె ఇంటి వేటలో దొరికింది.

కొన్నేళ్ల కింద హైదరాబాద్‌లో ఇల్లు మారాల్సి వచ్చింది. ఆఫీసుకీ పిల్లల బడికీ దగ్గరగా వుంటుందని మూసీ ఇవతల వెతుకుతున్నాం. ఒకచోట టు లెట్ బోర్డు చూసి లోపలికెళ్లాం. ఇంటాయన రిటైరైన ఉద్యోగి, మర్యాదస్తుడు. హాల్లో గోడ పొడుగూతా కేసెట్లు, సీడీలు. మెహదీ హసన్, తలత్ మహమూద్, బేగం అఖ్తర్. నాకు ఉర్దూ వచ్చని తెలిశాక ఆయన సంబరం చూడాలి. టీ తెప్పించాడు. ఒక గజల్ పెట్టి, "ఇందులో హిజ్ర్ అంటాడు, దానర్థం ఏంటి సార్? ఇరవై ఏళ్లనించీ ఎవర్నన్నా అడగాలనుకుంటున్నా" అన్నాడు. ఎడబాటు అని చెప్పాను. కళ్లు మూసుకుని తలూపాడు. అడ్వాన్స్ సంగతి కూడా మాట్లాడేసుకున్నాం. మర్నాడు పొద్దున ఫోన్. "ఏమీ అనుకోకండి సార్. ఇంట్లోవాళ్లు ఒప్పుకోవటం లేదు. వంటల దగ్గర ఇబ్బందవుతుందంటున్నారు. నాకైతే ఏ తేడా లేదు."

ఇది నా ఒక్కడి కథ కాదు. ఈ పుస్తకం చదివే ముస్లింలలో చాలామంది దగ్గర ఇలాంటిదొకటి వుంటుంది. ఒకరికి మాంసం వాసన అడ్డొచ్చింది. ఒకరికి ఆ ఇల్లు అప్పుడే ఇంకెవరికో మాటిచ్చేశారు. ఒకరికి పేరు చెప్పగానే అద్దె పెరిగింది. సాకులు రకరకాలు, తలుపుకి వేసిన తాళం ఒకటే.

ఆ ఇంటాయన్ని చెడ్డవాడని తిట్టి ఊరుకుంటే పని తేలికవుతుంది. కానీ ఆయన నటించలేదు. గజల్ మీద ఆయనకున్న ఇష్టం నిజం. మాకు ఇల్లివ్వకపోవటమూ నిజం. ఈ రెండు నిజాలూ ఒకదాన్నొకటి తాకకుండా ఒకే గుండెలో ఇరవై ఏళ్లు ఎట్లా కాపురం చేశాయన్నదే నాకు అంతుపట్టని సంగతి.

రెండు భాషల్లో బతికేవాడికి ఒక లాభముంది. ఒక భాషలో అంటుకుపోయిన అర్థాలు ఇంకో భాషలో విడివిడిగా కనపడతాయి. తెలుగులో ఆవకాయంటే ప్రేమ అంటాం, అమ్మంటే ప్రేమ అనీ అంటాం. ఇంట్లో ఉర్దూ మాట్లాడుకునేటప్పుడు ఆవకాయకి పసంద్ చాలు. మొహబ్బత్ అనే మాట మనిషి కోసం దాచుకుంటాం. పసంద్‌లో వుండేది నేనొక్కణ్నే. నాకు నచ్చిందా లేదా అంతే. మొహబ్బత్‌లో అవతల ఇంకొకడుంటాడు. వాడికి ఆకలేస్తుంది, జబ్బు చేస్తుంది, కోపమొస్తుంది. వాడి పిల్లలు మెట్ల మీద అల్లరి చేస్తారు. వాడి వంటింట్లోంచి వాసనొస్తుంది. వాడి పండగ మన పండగ రోజున రాదు. కేసెట్‌ని మీట నొక్కి ఆపెయ్యొచ్చు. పక్కింటివాణ్ని ఆపటానికి మీట లేదు. ఈ దేశంలో మా పాట, మా బిర్యానీ, మా అత్తరు, మా షేర్వాణీ అన్నీ పసంద్ దాకా వచ్చి ఆగిపోయాయి. అవన్నీ ఎవరి చేతుల్లోంచి వచ్చాయో ఆ మనిషి దగ్గరికొచ్చేసరికి అడుగు ముందుకి పడటం లేదు.

కళ మనుషుల్ని మారుస్తుందని నమ్మే మిత్రులకి వలీ దక్కనీని గుర్తు చేయాలి. మన దక్కన్ నేల మాటని గజల్లో పెట్టి ఢిల్లీ దాకా తీసుకెళ్లినవాడు. ఫార్సీ తప్ప ఇంకోదాంట్లో కవిత్వమేమిటని అనుకుంటున్న ఢిల్లీ కవులు ఈయన గజళ్లు విన్నాకే జనం మాట వైపు గట్టిగా మళ్లారు. గుజరాత్ అంటే ఆయనకి ప్రాణం. ఆ నేలని విడిచి వుండలేని బాధ మీద కవిత్వం రాశాడు. అహ్మదాబాద్‌లోనే 1707లో కన్నుమూశాడు. 2002లో గుజరాత్‌లో ముస్లింలని ఊచకోత కోసిన రోజుల్లో, పోలీసు కమిషనర్ ఆఫీసు దగ్గర్లోనే వున్న ఆయన సమాధిని నేలమట్టం చేశారు. రోజులు తిరక్కుండా దాని మీద తారురోడ్డు వేశారు. అదే యేడు వడోదరలో ఆగ్రా ఘరానా ఉస్తాద్ ఫయ్యాజ్ ఖాన్ సమాధి మీద కూడా దాడి జరిగింది. ఆ దాడులు చేసినవాళ్లు పాట తెలీని మనుషులనుకోలేం. హిందీ సినిమా పాట చేరని వీధి ఆ నగరాల్లో వుండదు. ఆ పాటల్లోని దిల్, ఇష్క్, జిగర్ వలీ లాంటివాళ్లు వేసిన దారమ్మట నడిచొచ్చిన మాటలే. మాటలు పెదాల మీద వున్నాయి, గడ్డపారలు చేతుల్లో వున్నాయి.

ఇది మన దేశానికి మాత్రమే పట్టిన జబ్బు కాదు. ఆష్విట్జ్ చావుశిబిరంలో నాజీలు ఖైదీలతోనే వాద్యబృందాలు నడిపించారు. సంగీతం వినే చెవి, మనిషి ఏడుపు వినే చెవి ఒకటే కానక్కర్లేదని 20వ శతాబ్దం మనకి రుజువు చేసి చూపించింది. కాబట్టి కళ మీద మోయలేని బరువు పెట్టొద్దు. కళ తలుపు కొంచెం తెరుస్తుంది. దాంట్లోంచి నడవాల్సింది మన కాళ్లే.

ఇంతకంటే మెత్తగా వుండే ఇంకో అన్యాయం వుంది. దాన్ని అన్యాయమని పట్టుకోవటం కష్టం, ఎందుకంటే అది పొగడ్త వేషంలో వస్తుంది.

బిస్మిల్లాఖాన్ సంగతి చూడండి. 1916లో బీహార్‌లోని డుమ్రావ్‌లో పుట్టి కాశీలో బతుకంతా గడిపినవాడు. 2001లో భారతరత్న ఇచ్చారు, 2006లో వెళ్లిపోయాడు. మన తెలుగు నేల మీద షేక్ చినమౌలానా వున్నారు. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టారు. నాదస్వరం కోసం తమిళనాడు పోయి అక్కడి గురువుల దగ్గర నేర్చుకుని శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదిచ్చింది. మరుసటేడు పోయారు. ఆయన శిష్యులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకి 2020లో పద్మశ్రీ వచ్చింది. వీళ్ల ఊపిరికి నా సలాం. అయితే వేదికల మీద వీళ్ల పేర్లు ఎట్లా వాడుతున్నారో గమనించండి. "ముస్లింలంతా బిస్మిల్లాఖాన్‌లా వుంటే ఏ గొడవా వుండదండీ" అంటారు. అన్నవాడికి అది ప్రేమ మాట. విన్నవాడికి అది షరతు. ఈ దేశంలో రామయ్యకి రామయ్యగా బతికితే చాలు. రహీముకి మాత్రం షెహనాయి రావాలి. లేదా రాకెట్ చేయటం రావాలి, లేదా క్రికెట్లో సెంచరీ కొట్టాలి. పంక్చర్లు వేసుకునే రహీము, పళ్లబండి తోసే రహీము, ఆటో నడిపి రాత్రికి ఇంత బియ్యం కొనుక్కెళ్లే రహీము ఎవరితో పోటీపడాలి? మామూలుగా వుండే హక్కు అనేదొకటుంది. రాజ్యాంగంలో ఆ పేరుతో రాసి వుండదు గానీ, అది లేకపోతే మిగతా హక్కులు చేతికి అందవు.

మనిషి స్వభావంలో వున్న ఒక దొంగలెక్క దీనికి మూలం. మనవాడు తప్పు చేస్తే వాడొక్కడు చేసినట్టు. పరాయివాడు చేస్తే వాళ్లంతా చేసినట్టు. మంచి దగ్గర లెక్క తిరగబడుతుంది. మనవాడి గొప్ప మనందరిదీ. పరాయివాడి గొప్ప మాత్రం వాడొక్కడిదే, పైగా వాడు వాళ్లలాంటివాడు కాదు. న్యూస్ డెస్క్ మీద ఉర్దూ వార్తని తెలుగులోకీ తెలుగు వార్తని ఉర్దూలోకీ మారుస్తూ ఇన్నేళ్లూ ఈ లెక్కని కళ్లారా చూశాను. దొంగ పేరు ఒకలా వుంటే ఆ వార్త దొంగతనం గురించి. ఇంకోలా వుంటే ఆ వార్త ఒక జాతి గురించి. 2007 మే 18న మక్కా మసీదులో జుమ్మా నమాజు పూట బాంబు పేలింది. చచ్చిపోయిందీ ముస్లింలే, ఆ తర్వాత అనుమానం మీద పోలీసులు పట్టుకుపోయిందీ ముస్లిం కుర్రాళ్లనే. దెబ్బలు తిన్నారు, జైల్లో మగ్గారు, చదువులు ఆగిపోయాయి. ఆ పేలుడు కేసులో ఆ కుర్రాళ్లలో ఒక్కడికీ శిక్ష పడలేదు. పట్టుకున్నప్పుడు వాళ్ల ఫొటోలు మొదటి పేజీలో వచ్చాయి. విడిచిపెట్టినప్పుడు వార్త ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ రెండు పేజీల మధ్య దూరం ఎంతో, ఈ దేశంలో మనిషికీ మనిషికీ మధ్య దూరం అంతే.

ఈ దొంగలెక్కకి మనవాళ్లు చెప్పే జవాబు నాకు నచ్చదు. మన సభల్లో ఒక జాబితా చదువుతుంటారు. తెలుగు కవుల్ని ఆదరించి మల్కిభరాముడని పిలిపించుకున్న ఇబ్రహీం కుతుబ్ షా. దక్కనీలో దివాన్ రాసి, 1591లో హైదరాబాద్ కట్టిన ఆయన కొడుకు మహమ్మద్ కులీ. పద్యంలో దిట్ట పిఠాపురం ఉమర్ అలీషా. నిజాముని వ్యతిరేకిస్తూ పత్రిక నడిపి 1948లో రజాకార్ల చేతిలో ప్రాణం పోగొట్టుకున్న షోయబుల్లా ఖాన్. ఒక్క పేరూ అబద్ధం కాదు, ఒక్కటీ మరిచిపోదగ్గది కాదు. చరిత్రగా ఈ పేర్లు మన పిల్లలకి చెప్పాలి, అందరి పిల్లలకీ చెప్పాలి. కానీ వీటిని తాసిల్దారు ఆఫీసులో అఫిడవిట్‌లా చేతులు కట్టుకుని ఎవరికి సమర్పిస్తున్నాం? మేం ఇన్ని ఇచ్చాం కాబట్టి మమ్మల్ని వుండనివ్వండి అని అడిగినప్పుడే, ఏమీ ఇవ్వలేని మనవాణ్ని మనమే గుమ్మం బయట నిలబెట్టినట్టయింది. తాతలు ఏం కట్టారని కాదు, ఇక్కడ పుట్టాం గనక ఇది మా ఊరు. ఇంత చిన్న వాక్యం సరిపోనిచోట ఎంత పొడుగు జాబితా చదివినా సరిపోదు.

మరి ప్రేమ లేనే లేదా అంటే, వుంది. అయితే అది ఆడిటోరియంలో కన్నా అలావ దగ్గర ఎక్కువ కనపడుతుంది. మా వైపు పల్లెల్లో పీర్ల పండగొస్తే గుండం తవ్వేది ఒకరు, డప్పు కొట్టేది మాదిగలు, పీరునెత్తేది ఇంకొకరు, మొక్కుకునేది ఊరంతా. కర్బలా ఎక్కడుందో తెలీని ముసలమ్మ హసన్ హుసేన్ల పేరెత్తి సొంత కొడుకులు పోయినట్టు ఏడుస్తుంది. నల్లగొండ వైపు పోయి సైదులూ అని కేకేస్తే హిందువు పలుకుతాడు. రాయలసీమలో హుసేనప్ప, ఫకీరప్ప, దస్తగిరి, కోస్తాలో మస్తానమ్మ, మస్తాన్రావు. ఈ పేర్లు పెట్టుకున్నవాళ్లెవరూ మతసామరస్యం మీద ఉపన్యాసం విని పెట్టుకోలేదు. బిడ్డ బతకాలని దర్గాకి మొక్కారు, బతికింది, పేరు పెట్టారు. అవసరంలోంచి, నమ్మకంలోంచి, పక్కపక్కన బతకటంలోంచి పుట్టిన ప్రేమ అది. పేరుని బట్టి మనిషి మతం తేల్చేవాళ్లకి సైదులు ఒక పెద్ద తలనొప్పి. నాకు ఇష్టమైన తలనొప్పి.

నెల్లూరు బారాషహీద్ దర్గా రొట్టెల పండగ తెలుసు కదా. మొహర్రం నెలలో స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్లలో నిలబడి జనం రొట్టెలు మార్చుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, సొంతింటి రొట్టె. ఒక కోరికతో రొట్టె పుచ్చుకున్నవాడు అది తీరాక మళ్లీ వచ్చి, అదే కోరికతో వచ్చినవాడికి రొట్టె ఇవ్వాలి. అక్కడ ఇచ్చేవాడి కులం అడగరు, పుచ్చుకునేవాడి మతం అడగరు. నీ కోరికా నా కోరికా ఒకటేనా అని మాత్రం అడుగుతారు. ప్రేమకి ఇంతకన్నా మంచి నిర్వచనం నేను ఏ దివాన్‌లోనూ చదవలేదు. కానీ ఒక సందేహం నన్ను వదలదు. ముస్లిం చేతిమీదుగా ఇంటి రొట్టె అందుకుని ఇల్లు కట్టుకున్న భక్తుడు, ఆ ఇంట్లో పై వాటా ముస్లింకి అద్దెకిస్తాడా? చెరువులో వున్నంతసేపూ వున్న మనసు గట్టెక్కాక ఏమవుతోంది?

పీర్ల పండగ ఇప్పుడు రెండు వైపులనించీ కరిగిపోతోంది. తురకల పండగ మనకెందుకని పిల్లల్ని వెనక్కి లాగేవాళ్లు ఒక వైపు. ఇది షిర్క్, ఇస్లాంకి విరుద్ధమని మందలించే మన పెద్దలు ఇంకో వైపు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు. అయినా ఇద్దరూ కలిసి ఒకే గుండం పూడుస్తున్నారు.

ఇక మన ఇల్లు. పక్కింటి తలుపు తెరవమని అడిగేముందు మన తలుపులు కూడా చూసుకోవాలి. దూదేకుల మనిషి ఉర్దూ సరిగ్గా రాక తెలుగులో సలాం చెబితే పెదవి విరిచే ఉర్దూ పెద్దలు మనలో లేరా? మా అమ్మాయిని వాళ్లింటికెట్లా ఇస్తాం అనే మాట ఎన్ని నిఖాల దగ్గర వినలేదు? అద్దె దగ్గర మనకి జరిగింది పెళ్లి దగ్గర మనం వాళ్లకి చేస్తున్నాం. దీన్ని ఇస్లాం ఒప్పుకోదని మనకి తెలుసు. తెలిసీ వదలటం లేదు. ఆడవాళ్ల సంగతి ఇంకా ఘోరం. హైదరాబాద్‌లో మహలఖా బాయి చందా వుండేది. 1824లో పోయింది. ఉర్దూలో సొంత దివాన్ కూర్చిన తొలి స్త్రీలలో ఒకరు. మౌలాలీ గుట్ట కింద ఆమె సమాధి వుంది. నాట్యకత్తె కాబట్టి గౌరవంగా ఆమె పేరెత్తటానికి మనవాళ్లకి చాలాకాలం నోరు రాలేదు. ఇవాళ ఆమె షేర్లు చదివి తహజీబ్ అని పొంగిపోయేవాడు, కూతురు గొంతెత్తి పాడితే కిటికీ మూసి రమ్మంటాడు. పాట కావాలి, పాడే ఆడపిల్ల మాత్రం మన ఇంట్లో వుండకూడదు. ఆ గజల్ ఇష్టమున్న ఇంటాయనకీ ఈ తండ్రికీ స్వభావంలో తేడా ఎంత? ఇద్దరూ చెవి ఇచ్చారు, చోటు ఇవ్వలేదు.

పసంద్‌ని దాటి మొహబ్బత్ దాకా వెళ్లినవాళ్లు వున్నారు. దాశరథి కృష్ణమాచార్య నిజాం రాజ్యాన్ని ఎదిరించి నిజామాబాద్ జైల్లో వున్నాడు. రాజు మీద అంత కోపం వున్న మనిషి, ఆ రాజు దర్బారు భాష మీద కూడా పగబట్టి వుండొచ్చు. పట్టలేదు. గాలిబ్‌ని లోతుగా చదివి గాలిబ్ గీతాలు పేరుతో తెలుగులోకి తెచ్చాడు. రాజు వేరు, జనం వేరు, భాష ఎవరి జాగీరూ కాదు అనే వివేకం ఆయనకి వుంది. నిజాం తప్పులకి ఇవాళ కూడా ఆటోవాలా రహీముని జవాబు చెప్పమనేవాళ్లకి లేనిది సరిగ్గా ఆ వివేకమే. ఇటు నించి చూస్తే చినమౌలానా. త్యాగరాజ కీర్తనలోని రాముణ్ని పలికించటానికి పేరు మార్చుకోలేదు, నమాజు మానలేదు. ఏళ్ల తరబడి సాధన చేశారు. వీళ్లిద్దర్లో నాకు కనపడే పోలిక ఒకటే. ప్రేమించినదాని కోసం ఇద్దరూ కష్టపడ్డారు. ఎదుటివాడి భాష నేర్చుకోవటం, వాడి దేవుడి పేరు తప్పులేకుండా పలకటం, వాడి దుఃఖం కారణమేంటో తెలుసుకోవటం, ఇవన్నీ పని. పసంద్‌కి పని వుండదు. మొహబ్బత్ అంటే ముప్పాతిక పనే. చెమట పట్టని ప్రేమని నేను నమ్మను.

అందుకని లౌకికవాద మిత్రులకి నా విన్నపం చాలా చిన్నది. ముషాయిరాకి రండి, సంతోషం. ఈద్ రోజున సేమియా తాగండి, ఇంకా సంతోషం. అయితే అసలు పరీక్ష అక్కడ జరగదు. మీ అపార్ట్‌మెంట్ కమిటీ ఆదివారం పొద్దున సమావేశమైనప్పుడు జరుగుతుంది. మూడో అంతస్తు ఫ్లాట్ కోసం ఒక ముస్లిం కుటుంబం వచ్చి చూసి వెళ్లిందని ఎవరో అంటారు. "మనకి అభ్యంతరమేమీ లేదు గానీ..." అని ఇంకెవరో మొదలుపెడతారు. ఆ "గానీ" దగ్గర గదిలో అందరూ నేల చూపులు చూస్తారు. మా పెద్దలకీ ఇలాంటి పరీక్షే వుంది, దూదేకుల ఇంటినించి సంబంధం వచ్చిన రోజున. ఆ నిశ్శబ్దంలో ఎవరో ఒకరు గొంతు సవరించుకుని, "ఎందుకివ్వకూడదు?" అని అడగాలి. అడిగినవాడికి గజల్ అంటే ఏమిటో తెలియకపోయినా నాకు ఫర్వాలేదు.